వార్డెన్ సారు మళ్లా దొరికిండు

చిట్యాల,
ఆదివారం పొద్దుగాల

ఒరేయ్ యాదీ,

తిట్టు, ఎంతైనా తిట్టు, పడ్త. సంక్రాంతి ముందు వచ్చిన నీ ఉత్తరం ఇంకా నా అంగీ జేబులనే ఉంది. ఆ అంగీ ఒకసారి ఉతుకుకు గూడ పోయొచ్చింది. ఆఖరి నాలుగు లైన్లు నీలిమచ్చ అయినయి. అండ్ల పైసలేమన్న అడిగినవా ఏంది? అడిగితే నాకు తెల్వదు, నన్ను అనొద్దు.

ఇంటికాడ అందరం మంచిగున్నం. అమ్మ మోకాళ్లు అట్లనే ఉన్నయి. బత్తాయికి ఈసారి నీళ్లు సరిపోయినయి. చెర్వుగట్టు జాతరకు నువ్వు రాలేదని అమ్మ నీ మీద కోపంగుంది, ఫోన్ జెయ్. గంతే. ఇగ అసలు సంగతి విను, మా కంపెనీల బిగిచ్చిన మంటను పట్టే డిటెక్టర్లది. పదిరోజుల సంది కడుపుల తిరుగుతుంది. ఇంట్ల మొదలువెట్టిన్నో లేదో మీ చెల్లె "మంటను సూసుడుకు డబ్బా ఎందుకు, మీకు కండ్లు లేవా" అన్నది. నీకైతేనే సమజైతది. పైగా మీ జడ్చర్ల కంపెనీల గూడ ఇవే బిగిస్తరంటివి కద.

మా దగ్గర కొత్త సాల్వెంట్ షెడ్డు, అంటే జప్పున అంటుకునే ద్రావకాలు వెట్టే షెడ్డు, లేసింది. మిథనాల్, టోలీన్, అసిటోన్ డ్రమ్ములన్ని అండ్లనే. దానికి నాలుగు యూవీ ఫ్లేమ్ డిటెక్టర్లు తెప్పించిండ్రు. పొగ డిటెక్టరైతే పొగ తనకాడికి వచ్చేదాక కూసుంటది. ఇది అట్లగాదు, మంటలకెళ్లొచ్చే అతినీలలోహిత కిరణాన్ని దూరం నుంచే పట్టుకుంటది. దాని అల పొడవు 185 నుంచి 260 నానోమీటర్ల నడుమ. ఎండల గూడ యూవీ ఉంటది కద అంటవు. ఉంటది, గని గా పొట్టి అలలను పైన ఓజోన్ పొరనే మింగేస్తది, నేల దాక రానియ్యదు. అందుకే మిట్టమధ్యాహ్నం గూడ దానికి చీకటే.

బిగియ్యనీకె హైదరాబాదు నుంచి ఒక పిల్ల ఇంజనీరొచ్చిండు. మూతిమీద మీసమే సరిగ రాలే, నేను లెక్కజెయ్యలే. బయట ఖాళీ జాగల, పర్మిట్ తీసుకొని, ఇనుప ట్రేల ఇంత మిథనాల్ పోసి అంటిచ్చి "మంట ఏడుందన్నా?" అన్నడు. నేను ఇంకా అంటుకోలేదనుకున్న. చీపురుపుల్లను పట్టకారుతోని పట్టి దగ్గరికి వెట్టిండు. పుల్ల కొస ఉత్తగనే నల్లగై, వంకర తిరిగి, ఎర్రగ మెరిసింది. చుట్టూ ఏం లేదురా! ఎనుక గోడ మాత్రం నీళ్లల్ల నీడ తీరు ఊగుతుంది. గప్పుడు పోరనికి దండం వెట్టిన, మనసులనే అనుకో.

నేనేమొ కప్పు నడుమల ఒకటి తలకిందులుగ యాలాడదీస్తె అంతా కనవడ్తదనుకున్న. పోరడు నవ్విండు. టోలీన్ కాలితే నల్లపొగ లేస్తది, అది పోయి కప్పుకే పడ్తది. ఆ పొగ, టోలీన్ ఆవిరి రెండూ యూవీని తాగేస్తయి. కప్పుల ఉన్న డిటెక్టరు కండ్లకు గంతలు గట్టుకున్నట్టే. ఒక్క జాగకెళ్లి సూస్తే డ్రమ్ముల నడుమ సందులన్నీ గూడ కనవడయి. అందుకని కప్పుకు కిందికి, మూలలల్ల, మొకం వంచి వెట్టాలె. వంపు ఉంటే అద్దం మీద దుమ్ము నిల్వదు, బయట దూరానికి సూపు పోదు. ఎదురెదురు మూలలకు వెడ్తె ఒకదానికి డ్రమ్ములు అడ్డమొచ్చిన జాగ ఇంకోదానికి కనవడ్తది. దూరం లెక్క గూడ జెప్పిండు. 10 మీటర్ల కాడ గుర్తుపట్టే మంటను 20 మీటర్ల కాడ పట్టాలంటె ఆ మంట నాలుగంతలు కావాలె. రెండంతలనుకుంటం కద మనం!

మూడు బిగిచ్చినం. నాలుగోదానికి కేబుల్ రెండు మీటర్లు తక్కువొచ్చింది. పోరని బస్సు టైమైంది. "నేను సూసుకుంట తియ్" అన్న. సూసుకున్న. పక్క కంబానికి బిగిచ్చిన. షట్టరు దిక్కు మొకం వెట్టి.

మర్నాటి నుంచి లొల్లి. రోజు పదకొండు కాంగనే కూత. ఉరికిపోతే మంటా లేదు, మసీ లేదు. కూతతోని నీళ్ల వాల్వు తనంతట తనే తెరుసుకునేటట్టు ఇంకా వెయ్యలేదు గాబట్టి బతికినం. ప్రొడక్షనోళ్లు నన్ను జూస్తె ఫైరింజన్ కూత కూస్తున్నరు. మా పెద్దసారు "దుమ్ముకు అయితుందేమొ, ఏదన్న అడ్డం వెట్టు" అన్నడు. నేనేం జేసిన్నో తెల్సా? 4 మిల్లీమీటర్ల కిటికీ అద్దం కోపిచ్చి, అల్యూమినియం ఫ్రేము జేసి, రబ్బరు గూడ ఏసి, దానిముందల పక్కాగ బిగిచ్చిన. కూత బందైంది. సారు సమోసాలు తెప్పిచ్చిండు. నేను నాలుగు తిన్న.

పందొమ్మిది దినాలు. పోరడు టెస్ట్ లాంప్, అదే మంట తీరు యూవీ ఇచ్చే దీపం, వట్టుకొని తిరిగొచ్చిండు. మూడు డిటెక్టర్లు మోగినయి. నాలుగోది మోగదు. దగ్గరికి వోయి పట్టిండు, మోగదు. "ఈయనకు కండ్లద్దాలు ఎవలు వెట్టిండ్రన్నా?"

మామూలు గాజు ఆ కిరణాలను దాటనియ్యదంట! మనకు అద్దంలకెళ్లి అంతా కనవడ్తది, దానికి అది గోడ. దాని సొంత కిటికీ క్వార్ట్‌జ్‌ది, అందుకే అండ్లకెళ్లి పోతది. అన్నిటికన్న మోసం ఏందంటె, అది తన కిటికీ సాఫ్‌గ ఉందా లేదా అని తనే సూసుకుంటది. ఆ కిటికీ సాఫ్‌గనే ఉంది కద, పచ్చలైటు ఎలుగుతనే ఉండె. గుడ్డిదై గూడ "అంతా సూస్తున్న బిడ్డా" అంటుంది!

మన హాస్టల్ వార్డెన్ సారు యాదికొచ్చిండా? కండ్లద్దాలు నుదుటి మీద, కుర్చీ గేటుకాడ, మనం గోడ మీద. నేను అందరి ముందల ఒక్కసారి పక్కున నవ్విన. పోరనికి ఎందుకు నవ్విన్నో ఎట్ల జెప్పాలె?

నవ్వు ఎంతసేపురా. మా బామ్మర్ది చిన్నోడు ఆ షెడ్డులనే నైట్ షిఫ్ట్. పందొమ్మిది రాత్రులు నా అద్దం కిందనే డ్రమ్ములు దొర్లిచ్చిండు. ఆ రాత్రి పండుకుంటే ఆ చీపురుపుల్లనే కండ్లల్ల. మీ చెల్లెకు ఇప్పటిదాక జెప్పలే, నువ్వు గూడ...

కూత ఎందుకొచ్చిందో గూడ దొరికింది. ప్రహరీ అవతల ట్రాక్టరు ట్రాలీలు జేసే షెడ్డు, పదకొండుకు వెల్డింగ్ మొదలు. మా షట్టరు లేపంగనే ఆర్క్, అదే వెల్డింగ్ మెరుపు, సక్కగ నా డిటెక్టరు కంట్లకు. ఆర్క్‌ల యూవీ మస్తుంటది. రెండు మీటర్ల కేబులుకు పడ్డ బాధరా ఇదంతా. కొత్త కేబుల్ గుంజి అసలు మూలకు మార్చిన. మొకం వంచి, షట్టరు దిక్కు చిన్న రేకు అడ్డం వెట్టిన. రేకు పక్కకే, ముందల గాదు, నవ్వకు! ఇప్పుడు ఒకటి సూస్తె కూత, రెండు కలిసి సూస్తెనే నీళ్లు. మీ దగ్గర బిగిచ్చేటప్పుడు దగ్గరుండి సూడు, ముఖ్యంగ అద్దం

బస్సు హారన్ కొడ్తుంది, డ్రైవరుకు నేనంటె ముందే పడదు. సమోసాల సంగతి సారుకు... మల్ల రాస్త. అమ్మకు ఫోన్ జెయ్.

నీ
సత్తి