ఓపీ చీటీలో పసరు మందు మాట కూడా రాయాలి

సంపాదకులకు నమస్కారం.

మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని కిడ్నీ జబ్బు గురించి చర్చ జరిగినప్పుడల్లా తాగునీరు, నొప్పి మాత్రలు, ఎండలో పని ప్రస్తావనకు వస్తాయి గానీ, రోగి ఇంట్లో ఉండే చూర్ణం సీసా గురించి అడిగేవారు తక్కువ. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు వడపోసి పంపాల్సిన వ్యర్థం) పెరిగిందని తెలిశాక మా మేనమామ ఆసుపత్రి మాత్రలతో పాటు సంతలో కొన్న చూర్ణం కూడా నాలుగు నెలలు వాడారు. డాక్టరు అడగలేదు, ఆయన చెప్పలేదు. అందులో ఏ వేర్లు కలిశాయో మాకు ఈనాటికీ తెలియదు.

"చెట్టు మందే కదా, మేలు చెయ్యకపోయినా కీడు చెయ్యదు" అనే నమ్మకం మన ఊళ్లలో బలంగా ఉంది. అయితే నోటి ద్వారా తీసుకున్నది పసరైనా, మాత్రైనా, రక్తంలోకి చేరే దాని సారం చాలావరకు పేగుల నుంచి కాలేయానికే వెళ్లి, అక్కడి ఎంజైముల వల్ల రూపు మారి, మూత్రంలోనో పిత్తంలోనో బయటికి పోవాలి. పసుపులోని కర్కుమిన్‌ను శరీరం అలాగే త్వరగా మార్చి పంపేస్తుంది. మిరియాల్లోని పైపెరిన్ ఆ మార్పును అడ్డుకోవడం వల్ల, రెండూ కలిపి ఇస్తే రక్తంలోకి చేరే కర్కుమిన్ సుమారు 20 రెట్లు పెరిగిందని 1998లో బెంగళూరు పరిశోధకులు చూపారు. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ స్థాయిని కూడా పైపెరిన్ పెంచగలదు. చారులో వేసే నాలుగు మిరియాల గురించి ఎవరూ భయపడనక్కర్లేదు. రోజూ మింగే గాఢమైన చూర్ణాల సంగతి వేరు.

నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది ఈశ్వరి జాతి తీగల్లో ఉండే అరిస్టోలోకిక్ ఆమ్లం. శరీరం దీన్ని కొంతవరకు విరిచి పంపేస్తుంది గానీ, మిగిలినదాన్ని మన ఎంజైములే మరింత చురుకైన విషంగా మారుస్తాయి. అది కిడ్నీ నాళికల కణాల్లో డీఎన్ఏకు అతుక్కుని, ఏళ్ల తర్వాత క్యాన్సర్‌కు కూడా దారితీయగలదు. 1990ల మొదట్లో బ్రస్సెల్స్‌లో, బరువు తగ్గించే మందులో ఒక చైనా వేరుకు బదులు ఈ జాతి వేరు కలవడంతో 100 మందికి పైగా కిడ్నీలు దెబ్బతిన్నాయి.

ఉద్దానం జబ్బుకు పసరు మందే కారణమని నేననడం లేదు. ఆ కారణం ఇంకా తేలలేదు. కానీ ఇప్పటికే వడపోత తగ్గిన కిడ్నీ మీద తెలియని వేరు బరువు కూడా పడనివ్వడం అన్యాయం. అందుచేత పలాస కిడ్నీ పరిశోధన కేంద్రం మొదలుకొని కవిటి, సోంపేట ప్రభుత్వ ఆసుపత్రుల దాకా, ప్రతి ఓపీ చీటీలో రోగి వాడుతున్న నాటు మందుల వివరం రాయాలని అధికారులను కోరుతున్నాను. ఆ ప్రశ్న కసురుకోకుండా అడగాలి, లేకుంటే మనవాళ్లు నిజం దాచేస్తారు. సంతల్లో పేరూ తయారీ వివరమూ లేకుండా అమ్ముతున్న పొట్లాలను ఔషధ నియంత్రణ అధికారులు పరీక్షకు పంపాలి. ఏ వేరు ఏదో గుర్తించే పనిలో అనుభవజ్ఞులైన ఆయుర్వేద వైద్యులను కలుపుకోవాలి.

— ఒక పాఠకుడు, కవిటి మండలం, శ్రీకాకుళం జిల్లా