మళ్లీ అదే వాలు దిగి వచ్చాను: కృతజ్ఞతలు

నాలుగు నెలల కిందట నా కృత్రిమ మోకాలు దారి మధ్యలో చెయ్యిచ్చింది. మోకాలు చెయ్యివ్వడమేమిటని నవ్వుకోవచ్చు, ఆ రోజు నాకైతే నవ్వు రాలేదు. భుజాన సర్వే సామానుతో వాలు దిగుతున్నాను. ఆ కాలి మీద బరువు వేసీ వేయగానే మోకాలు మడుచుకుపోయింది, నేను ముందుకు బోర్లాపడ్డాను. మోచేతులు గీసుకుపోయాయి, అంతే. కానీ ఆ తర్వాత చాలా రోజులు మెట్లు కనబడితే చాలు టెన్షన్. ఇవాళ అదే సామానుతో అదే వాలు దిగి వచ్చాను. ఈ మధ్యలో నాకు సాయపడినవాళ్లకు థాంక్స్ చెప్పకుండా ఊరుకుంటే బాగుండదని రాస్తున్నాను.

నాకు కుడికాలు తొడ దగ్గర తీసేశారు. తొమ్మిదేళ్లయింది. రోజంతా తిరిగే పని. పడిన మర్నాడే కృత్రిమ కాళ్లు చేసి అమర్చే ప్రోస్థెటిస్ట్ మేడమ్ దగ్గరికి వెళ్లి, "అన్నిటికన్నా గట్టి మోకాలు ఏదో చెప్పండి, అది పెట్టేయండి" అన్నాను. ఆవిడ మోకాళ్ల ఊసే ఎత్తలేదు. బరువు తూచే మెషిన్ ఎక్కమన్నారు. కాలితో కలిపి 84 కిలోలు. "ఇప్పుడు పనికి వెళ్లేటప్పుడు మోసే బ్యాగు తగిలించుకుని ఎక్కండి" అన్నారు. 101. పాత మోకాలి మీద కంపెనీ రాసిన పరిమితి 100 కిలోలు. ఇన్నేళ్లలో ఒక్కసారైనా బ్యాగుతో తూచుకోవాలని నాకు తట్టలేదు. ఒక్క కిలో ఎక్కువైందని మోకాలు విరిగిపోదు. కానీ రోజూ దాన్ని పరిమితి అంచున నడిపిస్తూ, పైగా వాలు దిగేటప్పుడు దడదడా అడుగులు వేస్తుంటే, అరుగుదల తొందరగా వస్తుందన్నది ఆవిడ మాట.

తర్వాత వారం రోజుల పాటు నేను చేసే ప్రతి పనీ రాసుకుని రమ్మన్నారు. ఎన్ని అడుగులు, ఎంత వాలు, ఎన్నిసార్లు మోకాలి మీద కూర్చున్నాను, నీళ్లలో దిగానా, దుమ్ములో తిరిగానా. స్కూలు హోంవర్క్ లాగా అనిపించి మొదట విసుక్కున్నాను. ఆ కాగితమే చివరికి మోకాలిని ఎంచింది. అందులో ఒక లెక్క నన్ను ఆలోచనలో పడేసింది. కృత్రిమ కాళ్ల బలాన్ని పరీక్షించే ఐఎస్ఓ 10328 ప్రమాణం ప్రకారం 30 లక్షల సార్లు బరువు వేసి తీసే పరీక్ష ఉంటుంది. వినడానికి పెద్ద అంకె. నేను రోజుకు సుమారు 8,000 అడుగులు వేస్తాను, అంటే ఆ కాలి మీద 4,000. 30 లక్షల అడుగులకు 750 రోజులు, రెండేళ్లు దాటగానే అయిపోతుంది. పరీక్షలో వేసే బరువు మామూలు నడకలో పడేదానికన్నా ఎక్కువ కాబట్టి రెండేళ్లకే పోతుందని కాదు. కానీ ఇంట్లో నాలుగడుగులు వేసేవాళ్లకూ నాకూ "మన్నిక" అనే మాటకు ఒకే అర్థం ఉండదని అప్పుడే బుర్రకెక్కింది.

ఇంకో సంగతి, ఇది ఒప్పుకోవడానికి నామోషీగా ఉంది. సగం తప్పు మోకాలిది కాదు, తొడను దూర్చుకునే తొడుగుది, అంటే సాకెట్‌ది. తొడ సన్నబడి సాకెట్ వదులైతే, ఒకదాని మీద ఒకటి సాక్సులు తొడిగి నెట్టుకొస్తున్నాను. లోపల తొడ తిరుగుతుంటే మోకాలు తిన్నగా ఎలా పడుతుంది? మేడమ్ ముందు సాకెట్ కొత్తగా చేశారు, ఆ తర్వాతే మోకాలి సంగతి.

ఇక పెద్దన్న. నాలాగే తొడ దగ్గర కాలు పోయి ముప్పై ఏళ్లు దాటింది ఆయనకు. ఫోన్‌లో గోడు వెళ్లబోసుకుంటూ గదిలో అటూ ఇటూ నడుస్తున్నాను. మధ్యలో ఆపి, "తమ్ముడూ, ఆ టక్ టక్ ఏంటి?" అన్నారు. అది మూడు నెలలుగా వస్తూనే ఉందన్నాను. "కాలు చాపుకున్నప్పుడల్లా వస్తోందా? అయితే లోపల రబ్బరు బంపర్ పోయింది, పిన్నులూ అరిగి ఉంటాయి, విప్పించు" అన్నారు. విప్పించాం. బంపర్ పాత చెప్పు మడమలా ఒక పక్క అరిగి పెచ్చులూడి ఉంది. మేడమ్ పైభాగాన్ని బిగించి పట్టుకుని పాదాన్ని పక్కకు కదిపి చూపించారు: రెండు వేళ్ల మందం ఊగుతోంది. నాది నాలుగు లింకుల మోకాలు, అంటే నాలుగు కడ్డీలను పిన్నులతో కలిపి చేసినది. దాని నిలకడంతా ఆ లింకుల అమరికలోనే ఉంటుంది, పిన్నులు అరిగితే అమరికే మారిపోతుంది. శబ్దం రూపంలో అది మూడు నెలలు మొత్తుకుంటున్నా నేను వినలేదు.

అలాగని నాలుగు లింకుల మోకాలిని తిట్టను. కాలు ముందుకు ఊగేటప్పుడు పాదం నేలకు తగలకుండా కాస్త పైకి లేస్తుంది, ఎగుడుదిగుడు నేల మీద అది గొప్ప సుఖం. నాకు లేనిది వాలు మీద ఆసరా. పెద్దన్న వాడేది హైడ్రాలిక్, హాన్స్ మౌక్ రూపొందించిన తరహా సిలిండర్ ఉన్నది. బరువు వేస్తే ఒక్కసారిగా కూలదు, నూనె ఒత్తిడి మీద మెల్లగా వంగుతుంది. లోపలి చిప్ అడుగడుగునూ గమనిస్తూ బ్యాటరీతో నడిపే మైక్రోప్రాసెసర్ మోకాలు వాడే మిత్రుడొకడు, తూలినప్పుడు కాపాడటంలో దానికి సాటి లేదంటాడు, నేను కాదనను. అవి మార్కెట్లోకి వచ్చి ముప్పై ఏళ్లవుతోంది, నీళ్లను తట్టుకునేవీ వచ్చాయి. కానీ వరసగా రోజుల తరబడి చార్జింగ్ దొరకని చోట్ల నా పని. చార్జ్ అయిపోయిన మోకాలితో కొండ మీద నిలబడే ధైర్యం నాకు లేదు. అందుకే మామూలు హైడ్రాలిక్‌కే మొగ్గాను. పరిమితి 125 కిలోలు.

మేడమ్ రెండు వారాలు ట్రయల్‌కి ఇచ్చారు. మొదటి రోజు మధ్యాహ్నానికే దాని బరువు తెలిసొచ్చింది, తొడ మొదలు లాగేసింది. తిరిగిచ్చేద్దామనుకున్నాను. ఆపింది ఫిజియోథెరపిస్ట్ అబ్బాయి. నా నడుముకి బెల్టు కట్టి, వెనక నుంచి పట్టుకుని, మెట్లు దిగడం నేర్పాడు. కృత్రిమ పాదం మడమ మెట్టు మీద, ముందు సగం గాలిలో ఉండాలి. అలా పెట్టి, భయపడకుండా బరువు మొత్తం దాని మీద వదిలేయాలి. "వదలండి సార్, వదలండి" అని వాడు, "వదిలాను కదరా" అని నేను. నిజానికి వదల్లేదు, రెయిలింగ్ గట్టిగా పట్టుకునే ఉన్నాను. నలభయ్యో యాభయ్యో సారి నిజంగా వదిలాను. మోకాలు మెత్తగా, లిఫ్ట్ దిగినట్టు వంగింది, రెండో కాలు దానంతటదే కింది మెట్టు మీదికి వచ్చింది. తొమ్మిదేళ్ల తర్వాత కాలు మార్చి కాలు వేస్తూ మెట్లు దిగాను. అబ్బాయి చేతులు అప్పటికే బెల్టు వదిలేసి ఉన్నాయట. తర్వాత చెప్పాడు, దొంగ.

ఆఫీసులో నా పక్క సీటు సోదరికి ప్రత్యేకంగా ధన్యవాదాలు. వారంటీ పుస్తకం పెన్సిల్ పట్టుకుని చదివి పెట్టారు. సర్వీసు గడువు తప్పితే వారంటీ పోతుందన్న లైను నాకు కనబడనే లేదు. మోకాలికి దుమ్మూ నీళ్లూ తట్టుకునే ఐపీ67 రేటింగ్ ఉందని నేను మురిసిపోతుంటే, అది ఒక మీటరు లోతు మంచినీళ్లలో 30 నిమిషాల లెక్క మాత్రమేనని, ఉప్పునీటి సంగతి వేరని, పాదం, భాగాలను కలిపే అడాప్టర్ల సంగతి కూడా అడగమని పురమాయించారు. అడిగాను. పాదం తడవకూడదట! అదీ మార్చుకున్నాను.

చివరగా మెకానిక్ మిత్రుడు. బోల్టు తల మీదుగా పక్క లోహం మీదికి సన్నగా ఒక గీత గీయమన్నాడు. గీత తెగి పక్కకు జరిగిందంటే బోల్టు వదులైనట్టు, అప్పుడు నువ్వు స్క్రూడ్రైవర్ పట్టకుండా మేడమ్ దగ్గరికి వెళ్లు అన్నాడు. ప్రతి ఆదివారం చూసుకుంటున్నాను, ఇప్పటిదాకా కదల్లేదు. గీత గీయడానికి మా ఆవిడ ఎర్ర నెయిల్ పాలిష్ అడక్కుండా తీసుకున్నాను. సీసా ఇంకా నా సర్వే బ్యాగులోనే ఉంది. ఈ పోస్టు చదివాక ఎలాగూ అడుగుతుంది కాబట్టి, రేపే ఇచ్చేస్తాను.