రొయ్య, పొగాకు ధర తేలేది వాషింగ్టన్‌లో, హరారేలో. చదివి చెప్పే ఏర్పాటు మన దగ్గర లేదు: ఉన్నత విద్యాశాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర ఉన్నత విద్యాశాఖ మంత్రిగారికి,

నమస్కారాలు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో రాజనీతి శాస్త్రం, వాణిజ్యం, మత్స్యశాస్త్రం బోధించే అధ్యాపకులం, ఎగుమతి పత్రాల పని చూసే కన్సల్టెంట్లం, పరిశోధక విద్యార్థులం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. మేం అడిగేది ఒక్కటే. అంతర్జాతీయ వ్యవహారాలను మూలపత్రాల దాకా వెళ్లి చదివి, విడమరచి, వేళకు తెలుగులో చెప్పే ఒక చిన్న విశ్లేషణ విభాగం ఈ రెండు జిల్లాలకు కావాలి. కాకుటూరులోని విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం, ఒంగోలులోని ఆంధ్ర కేసరి విశ్వవిద్యాలయం, ముత్తుకూరు మత్స్యశాస్త్ర కళాశాల కలిస్తే ఇది నడుస్తుంది. భవనం అక్కర్లేదు, కొత్త కోర్సూ అక్కర్లేదు.

విదేశాంగ విశ్లేషణ అంటే ఢిల్లీ వాళ్ల వ్యవహారం అనే అభిప్రాయం మన విద్యాసంస్థల్లో గట్టిగా ఉంది. మా జిల్లాల బతుకు చూస్తే అది నిలవదు. అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట చెరువుల్లో వనామి రొయ్యకు కౌంటును (కిలోకు తూగే రొయ్యల సంఖ్యను) బట్టి పలికే ధర అమెరికా సుంకాన్ని బట్టి కదులుతుంది. టంగుటూరు, కొండపి, పొదిలి, డి.సి.పల్లి వేలం కేంద్రాల్లో పొగాకు బేలుకు వచ్చే రేటు జింబాబ్వే వానలను, బ్రెజిల్ వరదలను బట్టి మారుతుంది. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ రాయికి చైనా ఇళ్ల నిర్మాణం పెద్ద ఆధారం. 2022 ఏప్రిల్ 28న ఇండోనేషియా పామాయిల్ ఎగుమతి ఆపి, మే 23న మళ్లీ వదిలింది. కృష్ణపట్నం చుట్టూ ఉన్న నూనె శుద్ధి కర్మాగారాలకు ఆ ఇరవై అయిదు రోజులూ పరాయి దేశపు వార్తలు కావు.

వార్తకు, విశ్లేషణకు తేడా ఎంత ఖరీదైనదో ఒక్క ఉదాహరణ వివరంగా చెబుతాం. రష్యా చమురు కొంటున్నందుకు భారత్ సరుకుపై అదనంగా 25 శాతం సుంకం వేస్తూ 2025 ఆగస్టు 6న అమెరికా అధ్యక్షుడు ఉత్తర్వు ఇచ్చారు. ఆగస్టు 7న మొదలైన 25 శాతంతో కలిపితే 50 శాతం. అమలు ఆగస్టు 27న అని అన్ని ఛానళ్లూ చెప్పాయి. ఇంతవరకు వార్త. ఉత్తర్వు పాఠంలో ఇంకా ఉంది. దారిలో ఉన్న సరుకుకు మినహాయింపు ఇచ్చారు, దానికి రెండు షరతులు పెట్టారు. అమెరికా తూర్పు ప్రాంత సమయం ప్రకారం ఆగస్టు 27 అర్ధరాత్రి దాటి ఒక నిమిషం కాకముందే, అంటే మన గడియారం ప్రకారం ఆ ఉదయం 9 గంటల 31 నిమిషాలలోపే, సరుకు ఓడకెక్కాలి. సెప్టెంబరు 17 మొదలయ్యేలోపు అమెరికాలో కస్టమ్స్ ప్రవేశమూ పూర్తి కావాలి. మొదటి షరతు చూసి రెండోది చూడకపోతే మోసపోతాం. చెన్నై రేవు నుంచి అమెరికా తూర్పు తీరానికి కంటైనర్ చేరడానికి నెల పైనే పడుతుంది. కొలంబోలోనో సింగపూర్‌లోనో ఓడ మారితే ఇంకా ఆలస్యం. కాబట్టి ఆగస్టు మూడో వారంలో కంగారుపడి రొయ్య చిన్నగా ఉండగానే చెరువు పట్టేసిన రైతుకు ఆ మినహాయింపు అందే వీలు దాదాపు లేదు. రొయ్యను ఇంకో పదిహేను రోజులు పెంచుకోవాలా, పట్టేయాలా అన్న నిర్ణయానికి ఈ రెండో తేదీయే కీలకం. రెండు పేజీల తెలుగు నోటు ఆగస్టు 8న చేతికందితే తేలిపోయే విషయం ఇది.

పైగా 50 శాతం అన్న అంకె ఒక్కటే చూస్తే సగమే తెలుస్తుంది. అసలు విలువకన్నా తక్కువకు అమ్ముతున్నారంటూ వేసే యాంటీ డంపింగ్ సుంకం మన రొయ్యపై 2005 నుంచి ఉంది. 2024 చివర్లో, ఎగుమతి చేసే దేశపు ప్రభుత్వ సబ్సిడీలకు విరుగుడుగా వేసే ప్రతిసబ్సిడీ సుంకం వచ్చి చేరింది, చాలా సంస్థలకు అది 5.77 శాతం. ఈ రెండూ అధ్యక్షుడి సుంకాలకు అదనం. అధ్యక్షుడి సుంకం ఒక్క ప్రకటనతో పోవచ్చు, ఆ రెండూ అలా పోవు. వాటికి వేరే చట్టం, వేరే విచారణ, వేరే క్యాలెండర్ ఉన్నాయి. యాంటీ డంపింగ్ ఉత్తర్వుపై ఏటా ఫిబ్రవరిలో సమీక్ష కోరవచ్చు. దిగుమతి సమయంలో కట్టేది డిపాజిట్ మాత్రమే. అసలు సుంకం ఎంతో సమీక్ష పూర్తయ్యాక తేలుతుంది. అంటే ఎప్పుడో అమ్మిన సరుకుకు తరవాత బిల్లు రావచ్చు. ఆ అనిశ్చితిని కొనుగోలుదారు ముందే ధరలో కోసుకుంటాడు, ఆ కోత చెరువు గట్టు దాకా వస్తుంది.

ఇక్కడ ఈక్వెడార్ సంగతి తప్పక చెప్పాలి. మనతోపాటే ఆ దేశంపైనా 2005లో యాంటీ డంపింగ్ సుంకం పడింది. డంపింగ్ లెక్కగట్టేటప్పుడు అమెరికా ‘జీరోయింగ్’ అనే పద్ధతి వాడేది. అమెరికాలో తక్కువకు అమ్మిన లావాదేవీల తేడాలన్నీ కూడి, ఎక్కువకు అమ్మినవాటిని తీసివేయకుండా సున్నా కింద రాసేది. దాంతో తేడా ఉన్నదానికన్నా పెద్దగా కనబడేది. ఈక్వెడార్ ఈ ఒక్క అంశాన్నే పట్టుకుని ప్రపంచ వాణిజ్య సంస్థకు వెళ్లి 2007లో గెలిచింది. లెక్క మళ్లీ కడితే తేడా నామమాత్రమని తేలి, అదే ఏడాది ఆ దేశంపై ఉత్తర్వు రద్దయింది. భారత్ కూడా ఊరుకోలేదు. దిగుమతిదారులపై అమెరికా మోపిన అదనపు పూచీకత్తు బాండ్ల మీద పోరాడి 2008లో గెలిచింది. అయితే మనం గెలిచింది బాండ్ల మీద, ఈక్వెడార్ గెలిచింది లెక్క మీద. ఇవాళ మన ప్రధాన పోటీదారు ఎక్కడున్నాడో, మనం ఎక్కడున్నామో అర్థం కావాలంటే ఈ ఇరవై ఏళ్ల పూర్వరంగం కావాలి. 2025 ఆగస్టులో ఈక్వెడార్‌పై పడిన కొత్త సుంకం 15 శాతం, మనపై 50 శాతం. ఆ అంకెలు తరవాతా కదులుతూనే ఉన్నాయి. ప్రతి కదలికా ఈ పాత పునాది మీదే పడుతుంది.

యూరప్ వైపు చూస్తే ఇంకో రకం సమస్య. 2016 నుంచి మన సాగు రొయ్య కన్‌సైన్‌మెంట్లలో సగానికి అక్కడి సరిహద్దులో పరీక్ష జరుగుతోంది. అంతకుముందు పదోవంతుకే జరిగేది. దీని సంగతి రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్ల వాళ్లకు బాగా తెలుసు. అంత చర్చకు రానిది 2023 నాటి 905 నంబరు యూరోపియన్ నిబంధన. అది 2026 సెప్టెంబరు 3 నుంచి వర్తించేలా చేశారు. పాత పద్ధతి రొయ్యలో మందు అవశేషం ఉందా అని చూస్తుంది. కొత్తది ఆ జీవిని పెంచేటప్పుడు మందు ఎలా వాడారని అడుగుతుంది. పెరుగుదల కోసం యాంటీబయాటిక్ వాడకూడదు, మనుషుల వైద్యానికి కేటాయించినవి అసలే వాడకూడదు, ఆ సంగతి అధికారిక ధ్రువపత్రంలో రాయాలి. ల్యాబ్ రిపోర్టు శుభ్రంగా ఉన్నంత మాత్రాన ఇది తీరదు. సీడ్ ఏ హేచరీదో, మేత ఏ బ్యాచ్‌దో, చెరువులో ఏం చల్లారో చెరువువారీ రికార్డు ఉండాలి. అలాంటి అలవాటు ఒక పంటలో రాదు. నిబంధన వచ్చాక అమలుకు మూడేళ్లకు పైగా సమయం ఉంది. ఆ మూడేళ్లలో మొదటి ఏడాదే తెలుగులో చెప్పగలగడం విశ్లేషకుడి పని. గడువు దగ్గరపడ్డాక చెబితే ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టే.

ఇలాంటివి ముందే పట్టుకోవడానికి దారులు ఉన్నాయి, చాలావరకు ఉచితం. ప్రపంచ వాణిజ్య సంస్థ సభ్య దేశాలు ఆహార భద్రత, సాంకేతిక ప్రమాణాల్లో మార్పు తేదలిస్తే ముసాయిదా దశలోనే తెలియజేయాలి. అభిప్రాయాలకు సాధారణంగా 60 రోజులు ఇస్తారు. ‘ఈపింగ్’ అనే సేవలో పేరు నమోదు చేసుకుని సరుకు, దేశం ఎంచుకుంటే ఆ ముసాయిదాలు మెయిల్‌కు వస్తాయి. అమెరికా ప్రభుత్వ గెజెట్ అయిన ఫెడరల్ రిజిస్టర్ పనిదినాల్లో రోజూ బహిరంగంగా దొరుకుతుంది. పొగాకుకు జింబాబ్వే రాజధాని హరారేలోని పొగాకు మార్కెటింగ్ బోర్డు సీజన్‌లో అమ్మకాల లెక్కలు విడుదల చేస్తూ ఉంటుంది. సమాచారానికి లోటు లేదు. దాన్ని వరసగా చదివి, ఏది మనకు తగులుతుందో ఏరే మనిషి కూర్చోవాలి.

పొగాకు మాట వచ్చింది కాబట్టి దాని సంగతీ చెబుతాం. 2023-24 ఎల్ నినో కరువుతో జింబాబ్వే పంట సుమారు 23 కోట్ల కిలోలకు పడిపోయింది. 2024 మేలో బ్రెజిల్ దక్షిణాన వరదలు వచ్చాయి. ఆ ఏడాది మన వర్జీనియా పొగాకుకు మంచి ధర పలికింది. ఆ ధర చూసి మరుసటి సీజన్‌లో మన దగ్గర సాగు పెరిగింది, పొగాకు ఆకు ఆరబెట్టే బ్యారన్ల అద్దెలూ, కౌళ్లూ పెరిగాయి. అక్కడ వానలు కోలుకుని 2025లో జింబాబ్వే 35 కోట్ల కిలోలు దాటి రికార్డు కొట్టింది. మన వేలాలు చప్పబడ్డాయి. నల్ల బర్లీ రకం పొగాకు వేసినవాళ్ల పరిస్థితి మరీ దారుణమై, చివరికి రాష్ట్ర సహకార మార్కెటింగ్ సంస్థ మార్క్‌ఫెడ్‌ను కొనుగోలుకు దింపాల్సి వచ్చింది. వానను ఎవరూ కచ్చితంగా చెప్పలేరు, నిజమే. కానీ మంచి ధర కరువు వల్ల వచ్చిందా, గిరాకీ పెరగడం వల్ల వచ్చిందా అన్నది 2024లోనే చెప్పగలిగిన విషయం. కరువు వల్ల వచ్చిన ధర కరువుతోనే పోతుంది.

మంత్రిగారూ, కళాశాలల్లో పరిస్థితి కూడా దాచకుండా చెప్పాలి. ఎం.ఏ. విద్యార్థి అంతర్జాతీయ సంబంధాల సిద్ధాంతాలన్నీ చదువుతాడు గానీ ఒక్క ఒప్పందం పాఠం, ఒక్క సుంకం ఉత్తర్వు మొదటి నుంచి చివరి దాకా చదవకుండానే పట్టా పుచ్చుకుంటాడు. బ్రిటన్‌తో 2025 జులై 24న ఒప్పందంపై సంతకాలు కాగానే రొయ్యకు సుంకం పోయిందనుకున్న చదువుకున్నవాళ్లు ఎందరో. సంతకం వేరు, ఆమోదం వేరు, అమలు వేరు. అమలయ్యాక కూడా సరుకు మన దేశానిదే అని నిరూపించే మూలస్థాన నియమాలు పాటిస్తేనే రాయితీ. ఇది పరీక్షలో అడగాల్సిన ప్రశ్న.

పరిశోధన పత్రికల విషయంలో 2025 జనవరి నుంచి అమలవుతున్న ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం పెద్ద మేలు చేసింది. 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 జర్నళ్లు ప్రభుత్వ విద్యాసంస్థలకు తెరుచుకున్నాయి. అయితే ప్రైవేటు అనుబంధ కళాశాలలకు ఆ తలుపు మూసే ఉంది. ఎగుమతి న్యాయవాదికి, కన్సల్టెంటుకు అంతకన్నా లేదు. పైగా జర్నల్ వ్యాసం అచ్చయ్యేసరికి ఏడాది గడుస్తుంది. కారణాలు తెలుసుకోవడానికి అది కావాలి, తేదీలు తెలుసుకోవడానికి పనికిరాదు. అందుకే రెండింటినీ కలిపే మనుషులు కావాలంటున్నాం.

విభాగంలో నలుగురు చాలు: వాణిజ్య చట్టం చదవగలిగినవారు ఒకరు, ఆర్థికవేత్త ఒకరు, మత్స్య లేదా వ్యవసాయ శాస్త్రం తెలిసినవారు ఒకరు, తెలుగు సంపాదకులు ఒకరు. ఆ నాలుగోవారిని అనువాదకుల పోస్టుగా తగ్గించవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాం. ఇంగ్లిష్ నోటు రాసి తెలుగు చేయిస్తే రైతు చదవలేని తెలుగే వస్తుంది. నోటు మొదటి నుంచి తెలుగులోనే పుట్టాలి. అందులో ముందు మూలపత్రం నంబరు, జారీ తేదీ, అమలు గంట, మినహాయింపులు ఉండాలి. తరవాత పోటీ దేశాలకు అదే నిబంధన ఎలా తగులుతుందో, ఆ దేశంలో దాన్ని ఎవరు ఎందుకు కోరారో రాయాలి. అమెరికా గల్ఫ్ తీరపు రొయ్యల జాలరుల బాధ కూడా నిజమైన బాధే. అది అర్థం కాకుండా మన వాదన కుదరదు. ఆఖరున రచయితల అంచనా, దానిపై వారికి ఎంత నమ్మకమో, ఏం జరిగితే మార్చుకుంటారో స్పష్టంగా చెప్పాలి. ఆరు నెలల తరవాత అదే నోటును తిరిగి తీసి, తప్పిన అంచనా తప్పిందని అచ్చువేయాలి. ఈ ఒక్క నియమం లేకపోతే విశ్లేషణ జోస్యంగా దిగజారుతుంది.

ప్రభుత్వ విధానం తప్పనిపిస్తే ఆ మాటా రాసే స్వేచ్ఛ వారికి ఉత్తర్వులోనే ఇవ్వండి. శాఖ ఆమోదం కోసం ఫైలు తిరిగితే గడువు దాటాక నోటు వస్తుంది. నోట్లను మత్స్యశాఖ కార్యాలయాలకు, పొగాకు వేలం కేంద్రాలకు, జిల్లా గ్రంథాలయాలకు ఒకే రోజు పంపాలి. జిల్లా కేంద్ర గ్రంథాలయంలో ఒక కంప్యూటర్‌పై జర్నళ్లు చదువుకునే వీలు బయటివారికీ కల్పించేలా కేంద్రంతో మాట్లాడాలి. రెండు విశ్వవిద్యాలయాల్లోనూ రాజనీతి, వాణిజ్య విభాగాల పీజీ విద్యార్థి సెమిస్టరుకు ఒక మూలపత్రం చదివి నోటు రాయడం మార్కులకు చేర్చాలి. రెండేళ్లలో ఈ విభాగానికి కావలసిన తరవాతి మనుషులు అక్కడి నుంచే వస్తారు.

పొగాకు బోర్డు పంట పరిమాణాన్ని నాట్లకు ముందే నిర్ణయిస్తుంది. జింబాబ్వే, బ్రెజిల్ పంటల లెక్కలతో తొలి నోటు ఆ నిర్ణయానికి నెల ముందు టంగుటూరు, కొండపి రైతుల చేతుల్లో ఉండాలి. అందుకు తగినట్టు ఉత్తర్వు ఇప్పించవలసిందిగా కోరుతున్నాం. ముసాయిదా ఉత్తర్వు, నమూనా నోటు ఒకటి మా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. మీరు ఎప్పుడు రమ్మంటే అప్పుడు తెచ్చి చూపిస్తాం.

ఇట్లు,
నెల్లూరు, ప్రకాశం జిల్లాల అధ్యాపకులు, ఎగుమతి రంగ నిపుణులు, పరిశోధక విద్యార్థులు