మాలర్ సెలవుల్లో ఏం చేశాడంటే

ఒరేయ్,

నీ ఉత్తరం అందింది. పాశ్చాత్య సంగీతంలో పేరుమోసిన గుస్తావ్ మాలర్ ఆర్కెస్ట్రాని నడిపించే కండక్టరా, సంగీతం రాసే కంపోజరా తేల్చి చెప్పమన్నావు. ఒక్క ముక్కలో చెప్పి ఊరుకునే రకాన్ని కాదని తెలిసీ అడిగావు కాబట్టి తీరిగ్గా కూర్చుని చదువు.

బతికున్నంతకాలం లోకం దృష్టిలో ఆయన ముందు కండక్టరే. 1860లో బొహీమియాలో, అంటే ఇప్పటి చెక్ దేశంలో, ఒక పల్లెటూళ్లో పుట్టి, ఇగ్లావ్ అనే ఊళ్లో పెరిగాడు. తండ్రిది సారా వ్యాపారం. ఇంట్లో పద్నాలుగుమంది పిల్లలు పుడితే చాలామంది చిన్నప్పుడే పోయారు. ఆ ఊళ్లో సైనికుల బ్యారక్స్ ఉండేవి. ఒకపక్క మిలిటరీ బ్యాండు, ఇంకోపక్క ఇంట్లో చావులు. ఆయన సింఫనీల్లో, అదే ఆర్కెస్ట్రా కోసం రాసే పెద్ద రచనల్లో, శవయాత్ర నడుస్తుండగానే ఏదో వీధి పాట జొరబడుతుంది చూడు, దాన్ని విమర్శకులు మొదట్లో చవకబారుతనం అన్నారు. నాకైతే ప్రాణం అక్కడే ఉందనిపిస్తుంది.

వియన్నాలో చదువయ్యాక ఉద్యోగాల కోసం ఊళ్లు పట్టుకు తిరిగాడు. లైబాఖ్, కాసెల్, ప్రాగ్, లైప్‌జిగ్, బుడాపెస్ట్, హాంబర్గ్. చివరికి 1897లో వియన్నా కోర్టు ఒపేరాకి, అంటే చక్రవర్తి ఆస్థానపు సంగీతనాటకశాలకి, డైరెక్టరు. యూదుడికి ఆ కుర్చీ ఇవ్వరు కాబట్టి దానికోసమే కాథలిక్ మతం పుచ్చుకున్నాడు. అక్కడ పదేళ్లు ఏలాడనుకో. ఆలస్యంగా వచ్చినవాళ్లను లోపలికి రానివ్వొద్దన్నాడు, గాయకులు డబ్బులిచ్చి చప్పట్లు కొట్టించుకునే అలవాటు మాన్పించడానికి పోరాడాడు. రిహార్సల్స్‌లో వాద్యకారుల్ని రాచి రంపాన పెట్టేవాడు. గౌరవం సంపాదించాడు, శత్రువుల్నీ అంతే సంపాదించాడు.

మరి కంపోజింగ్ ఎప్పుడంటావా? ఎండాకాలం సెలవుల్లో! ఆస్ట్రియాలో అటర్జే సరస్సు ఒడ్డున స్టైన్‌బాఖ్‌లో ఒక చిన్న గది కట్టించుకున్నాడు. రెండో సింఫనీలో చాలాభాగం, మూడోది అక్కడివే. 1896లో కుర్రాడు బ్రూనో వాల్టర్, తర్వాత పెద్ద కండక్టర్ అయ్యాడులే, వచ్చి చుట్టూ ఉన్న కొండల్ని తేరిపార చూస్తుంటే, అటు చూడక్కర్లేదు, వాటన్నిటినీ నా సంగీతంలో పెట్టేశాను అన్నాడట మాలర్. తర్వాత మైయెర్‌నిగ్‌లో, ఆపైన టోబ్లాఖ్‌లో కూడా ఇలాంటి గదులే.

పాపం, ఉద్యోగం ఆయన సమయమంతా తినేసింది అని జాలిపడేవాళ్లతో నాకు పేచీ. ఆ ఉద్యోగం లేకపోతే ఆ సింఫనీలు అలా ఉండేవి కావు. ఏ వాద్యం ఏ క్షణంలో మిగతావాటిని మింగేస్తుందో ఏడాది పొడుగునా ఆర్కెస్ట్రా ముందు నిలబడ్డవాడికే తెలుస్తుంది. అయిదో సింఫనీని 1904లో మొదటిసారి వినిపించాక కూడా చివరిదాకా దిద్దుతూనే ఉన్నాడు. స్కోరు, అదే సంగీతం రాసిన ప్రతి, తెరిస్తే తొందరపడకు, లాగొద్దు అని అడుగడుగునా హెచ్చరికలు. మిగతా కండక్టర్ల మీద ఈయనకు అణా నమ్మకం లేదన్నమాట.

ఆరో సింఫనీలో సుత్తి గురించి చెప్పకపోతే ఈ ఉత్తరం దండగ. చివరి భాగంలో మూడుసార్లు దెబ్బ పడాలి. బలంగా, పొట్టిగా, మొద్దుగా ఉండాలి, లోహపు శబ్దం రాకూడదు, గొడ్డలి వేటులా ఉండాలి అని రాశాడు. అలాంటి వాద్యం ఎక్కడా లేదు. అందుకని ఈరోజుకీ ఆర్కెస్ట్రాలు పెద్ద చెక్కపెట్టె చేయించుకుని, దానిమీద రెండు చేతులతో చెక్కసుత్తి ఎత్తి బాదుతాయి. మూడో దెబ్బను తర్వాత ఆయనే తీసేశాడు. 1907లో పెద్దకూతురు చనిపోవడం, గుండెజబ్బు బయటపడడం, వియన్నా వదలడం, ఇవే ఆ మూడు దెబ్బలని భార్య ఆల్మా తర్వాత చెప్పింది. వినడానికి బాగానే ఉంటుంది గానీ సింఫనీ అప్పటికే రాసి, 1906లో వినిపించి కూడా అయిపోయింది. ఇలాంటి జోస్యాలు నాకెక్కవు.

ఆల్మా మాటొచ్చింది కాబట్టి, ఒక్క విషయంలో ఆయన్ని క్షమించలేను. ఆవిడా పాటలు కట్టేది. పెళ్లికి ముందే, నువ్వు కంపోజింగ్ మానెయ్యాలి అని పెద్ద ఉత్తరం రాశాడు. 1910లో కాపురం కూలిపోయేలా ఉన్నప్పుడు గానీ ఆవిడ పాటల్ని అచ్చు వేయించాలని తోచలేదు మహానుభావుడికి.

తర్వాత న్యూయార్క్. ముందు మెట్రోపాలిటన్ ఒపేరా, ఆపైన న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రా. 1910 సెప్టెంబరులో మ్యూనిక్‌లో వెయ్యిమందికి పైగా కళాకారులతో ఎనిమిదో సింఫనీ వినిపించాడు, జేజేలు కొట్టారు. మరుసటి మే నెలలో పోయాడు, యాభై ఏళ్లకే. తొమ్మిదో సింఫనీని ఆర్కెస్ట్రా వాయిస్తుండగా ఆయన వినలేదు. 1912లో దాన్ని మొదటిసారి వినిపించింది, కొండల్ని చూడొద్దనిపించుకున్న ఆ వాల్టరే.

నువ్వు మాత్రం తొమ్మిదోదానితో మొదలుపెట్టకు. ముందు నాలుగోది విను, తేలిగ్గా ఉంటుంది. తర్వాత ఆరోది. ఎనిమిదోది నాకంత రుచించదు, హడావుడి ఎక్కువ. ఎవరి రికార్డింగ్ విన్నావో రాయి. అమెరికన్ కండక్టర్ బెర్న్‌స్టైన్‌ది అయితే మాత్రం పోట్లాటకి సిద్ధపడి రాయి.

నీ
అదే పాత వాగుడుకాయ