బ్రీఫింగులో చెప్పనిదీ చూడాలి

సంపాదకుల వారికి,

యుద్ధం మొదలైతే హన్మకొండ చౌరస్తాలో చాయ్ చల్లారేలోపే కరాచీ రేవు బూడిదైపోతుంది! 2025 మే 8 రాత్రి, భారత్-పాక్ పోరు నడుస్తుండగా, కొన్ని చానళ్లు చెప్పిందీ అదే, రేవు ధ్వంసమైందని. అది అబద్ధమని తేలింది.

సైనిక బ్రీఫింగును, అంటే సైన్యం విలేకరులకు ఇచ్చే వివరణను, నిదానంగా చదవాలి. చెప్పిందెవరు, ఏ గంట వరకున్న సమాచారం, దాడికి ముందూ తర్వాతా తీసిన ఉపగ్రహ చిత్రాలు చూపారా? అంతకన్నా ముఖ్యం, దేన్ని దాటేశారు? మే 11న మన విమాన నష్టాల గురించి అడిగితే వైమానిక దళ అధికారి ఎయిర్ మార్షల్ ఎ.కె. భారతి పోరులో నష్టాలు తప్పవన్నారు, వివరం చెప్పలేదు. మే 31న సింగపూర్‌లో అప్పటి త్రివిధ దళాధిపతి (సీడీఎస్) జనరల్ అనిల్ చౌహాన్ నష్టం ఒప్పుకున్నారు, లెక్క మాత్రం ఇవ్వలేదు. పోరు నడుస్తుండగా లెక్క దాచడం సబబే, శత్రువుకు అంచనా దొరకదు. అడిగినవాణ్ని వాట్సాప్ గ్రూపుల్లో ద్రోహి అనడమే తప్పు. కేబుల్ టీవీ నిబంధన 6(1)(పి) ఆపేది ఉగ్రవాద నిరోధక చర్యల ప్రత్యక్ష ప్రసారాన్ని, ప్రశ్నను కాదు.

మీ పత్రికైనా ప్రతి సైనిక ప్రకటన పక్కన సమయం, చెప్పిన అధికారి హోదా వేయాలి.

– ఒక పాఠకుడు, హన్మకొండ