అది ఫుట్‌బాలే కాదన్నందుకు

మెల్‌బోర్న్,
ఆదివారం రాత్రి.

చిరంజీవి అమ్మలుకు నాన్న ఆశీస్సులు.

మొన్న ఫోనులో నువ్వు అడిలైడ్‌లో మీ విశ్వవిద్యాలయం అమ్మాయిల ఫుటీ జట్టులో, అంటే కోడిగుడ్డు ఆకారపు బంతితో ఆడే ఈ దేశపు ఫుట్‌బాల్ జట్టులో చేరానని, మన ఫుట్‌బాల్‌ను ఇక్కడివాళ్ళలా సాకర్ అంటూ అది ఇక మానేశానని చెప్పినప్పుడు, నేను "అది ఫుట్‌బాలే కాదు" అని ఒక్క మాట అనేసి ఫోను మీ అమ్మ చేతికి ఇచ్చేశాను. ఆ మాట నోరు దాటిన మరుక్షణం నాకే నచ్చలేదు. నువ్వు ఆట మానేశావన్న దానికంటే, పదకొండేళ్ళుగా మన ఇంట్లో నిషేధించిన "సాకర్" అనే మాట నీ నోటి వెంట అంత సులువుగా రావడం నన్ను ఎక్కువ గుచ్చిందేమో. ఎదురుగా కూర్చుని చెప్పబోతే నువ్వు మధ్యలో నవ్వుతావు, నాకు ఉక్రోషం వస్తుంది. నాయనమ్మ దగ్గర దిద్దిన అక్షరాలు నువ్వింకా మరిచిపోలేదన్న ధైర్యంతో అందుకే ఇదంతా కాగితం మీద పెడుతున్నాను.

మనం ఈ ఊరు వచ్చింది 2014 జూన్‌లో. ఉద్యోగంలో చేరిన మొదటి వారమే ఒకాయన "మీరు ఏ జట్టు వైపు?" అని అడిగాడు. మన వైపు కొత్తవాళ్ళను ఊరూ ఇంటిపేరూ అడిగినట్టు మెల్‌బోర్న్‌లో ఈ ప్రశ్న అడుగుతారని అప్పటికి నాకు తెలియదు. నాకు ఏ జట్టూ లేదని, అయితే ఫుట్‌బాల్ అంటే చిన్నప్పటి నుంచీ ప్రాణమని చెప్పాను. ఆయన ఎంతో సంబరపడి, మర్నాడు తన పాత స్కార్ఫ్ ఒకటి, నలుపు తెలుపు చారలది, కాలింగ్‌వుడ్ జట్టుది, తెచ్చి నా మెడలో వేశాడు. నేను చెప్పిన ఫుట్‌బాల్ వేరు, ఆయన విన్న ఫుట్‌బాల్ వేరు. విషయం విడమరిచి చెబితే, "ఓ, సాకరా! మీవాళ్ళంతా క్రికెట్ కదా ఆడతారు?" అన్నాడు. ఆ రెండో మాట ఇప్పటికి ఎన్ని వందల సార్లు విన్నానో లెక్కలేదు. ఎవరూ చెడ్డ మనసుతో అనలేదు. కానీ లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో పెరిగినవాడికి ఆ మాట ఎలా వినిపిస్తుందో నీకు తెలియాలంటే మీ తాతయ్య సంగతి చెప్పాలి.

తాతయ్య పిల్లవాడుగా ఉన్న రోజుల్లో జంటనగరాలలో పెద్ద ఆట ఫుట్‌బాలే. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్ళు బొంబాయి వెళ్ళి రోవర్స్ కప్పు గెలుచుకుని వచ్చింది. ఆ జట్టును తీర్చిదిద్దిన రహీం సాబ్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు భారత జట్టు కోచ్‌గా వెళ్ళారు. ఆ జట్టులో మన అమ్ముగూడ కుర్రాడు, ఇరవై ఏళ్ళ తులసీదాస్ బలరాం కూడా ఉన్నాడు. మొదటి రౌండులో హంగరీ తప్పుకోవడం వల్ల ఆడకుండానే ముందుకు వెళ్ళినా, డిసెంబరు 1న క్వార్టర్ ఫైనల్‌లో ఆస్ట్రేలియాను వాళ్ళ సొంత గడ్డ మీదనే 4-2తో ఓడించారు. నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోల్స్ కొట్టాడు. తరువాత యుగోస్లావియా చేతిలో, కాంస్య పతకం కోసం బల్గేరియా చేతిలో ఓడి నాలుగో స్థానంతో తిరిగి వచ్చారు. పదేళ్ళ పిల్లవాడుగా తాతయ్య ఆ కబురు మైదానం గట్టు మీద పెద్దవాళ్ళు చెప్పుకుంటుంటే విన్నారట. నాకు కథలు చెప్పే వయసు వచ్చాక, రాముడు వనవాసం వెళ్ళిన కథ ఎన్నిసార్లు చెప్పారో ఈ మ్యాచ్ కథ కూడా అన్నిసార్లు చెప్పారు.

అందుకే నాకు ఇక్కడ ఉద్యోగం వచ్చిందని చెప్పగానే ఆయన జీతం ఎంతని అడగలేదు. "ఒలింపిక్ పార్కు చూసి, ఎలా ఉందో నాకు చెప్పు" అన్నారు. ఆ మ్యాచ్ జరిగింది అక్కడే. ఒక ఆదివారం నిన్ను వెంటబెట్టుకుని వెళ్ళాను, నీకు గుర్తుండదు. స్టేడియం లేదు. అంతకు రెండు మూడేళ్ళ ముందే పడగొట్టేశారు. దాని స్థానంలో చక్కటి పచ్చిక, రెండు చివరలా నాలుగేసి తెల్లటి కర్రలు, చుట్టూ కంచె. అది కాలింగ్‌వుడ్ ఫుటీ జట్టు సాధన చేసుకునే మైదానమట. నలుపు తెలుపు చొక్కాల కుర్రాళ్ళు ఆ కోడిగుడ్డు ఆకారపు బంతిని ఒకరికొకరు తన్నుకుంటున్నారు. స్కార్ఫ్ నా మెడలోనే ఉంది. డిసౌజా మూడు గోల్స్ కొట్టిన గుర్తుగా ఒక రాతి పలక అయినా ఉంటుందేమోనని కంచె వెంట అటూ ఇటూ తిరిగాను, నా కంటికి ఏదీ కనిపించలేదు. ఆ కుర్రాళ్ళ తప్పు ఇందులో ఏమీ లేదు. పాత కట్టడం పడగొట్టడం, కొత్తది కట్టడం ఏ ఊళ్ళోనైనా జరిగేదే. తాతయ్యకు మాత్రం "బాగుంది నాన్నా, గడ్డి చాలా బాగుంది" అని చెప్పాను. ఆయన పోయేదాకా అదే చెప్పాను.

నీతో "అది ఫుట్‌బాలే కాదు" అన్నది ఆ కంచె దగ్గర నిలబడిన మనిషి.

ఆ తరువాత కొన్ని నెలలకే 2015 జనవరి 9న ఆసియా కప్పు మొదటి మ్యాచ్‌కు మనం వెళ్ళడం నీకు తప్పకుండా గుర్తుంటుంది. ఆస్ట్రేలియా, కువైట్. ఆ పాత ఒలింపిక్ పార్కుకు కూతవేటు దూరంలో ఉన్న స్టేడియం. కువైట్ ముందుగా గోలు కొట్టినప్పుడు మన ముందు వరుసలోని గ్రీకు పెద్దాయన తల పట్టుకుని, తనకు తెలిసిన రెండు భాషలలోనూ దేవుణ్ణి తిట్టాడు. చివరికి ఆస్ట్రేలియా 4-1తో గెలిచింది, ఆయన మనిద్దరికీ తన సంచిలోని బాదంపప్పులు పంచాడు. ఈ దేశంలో నా ఆటకు కూడా ఒక చుట్టరికం ఉందని నాకు మొదటిసారి అనిపించింది ఆ బాదంపప్పుల వల్లనే.

ఎందుకంటే ఇక్కడ ఈ ఆటను బతికించినవాళ్ళు వలస వచ్చినవాళ్ళే. రెండో ప్రపంచయుద్ధం తరువాత ఓడలు దిగిన గ్రీకులు, ఇటాలియన్లు, క్రొయేషియన్లు, మాసిడోనియన్లు మొదట గుడి కట్టుకున్నారో క్లబ్బు కట్టుకున్నారో చెప్పడం కష్టం. గ్రీకుల క్లబ్బు సౌత్ మెల్‌బోర్న్ హెలాస్ అలాంటిదే. హంగరీ ఫుట్‌బాల్ మహానుభావుడు పుష్కాష్ 1989 నుంచి కొన్నేళ్ళు ఆ జట్టుకు కోచ్‌గా ఉంటే, ఆయనకు వచ్చిన గ్రీకు మాటలను తోటివాళ్ళకు అనువదించి చెబుతూ, తన పాత కారులో ఆయనను తిప్పిన కెప్టెన్ పోస్టెకోగ్లు. ఐదేళ్ళ వయసులో ఏథెన్స్ నుంచి వచ్చిన ఆ కుర్రాడే మనం చూసిన 2015 ఆసియా కప్పును కోచ్‌గా ఆస్ట్రేలియాకు గెలిచి పెట్టాడు. అయినా దశాబ్దాల తరబడి ఈ దేశం ఆ ఆటకు వలసవాళ్ళ పేరుతో ఒక తిట్టు తగిలించి పిలిచింది. 1990లలో క్లబ్బుల పేర్ల లోంచి, చిహ్నాల లోంచి పుట్టిన దేశపు గుర్తులు తీసేయమన్నారు. 2014లో కొత్త క్లబ్బులకు అలాంటి పేర్లే వద్దని నియమం పెట్టి, మళ్ళీ 2019లో ఎత్తేశారు. మన సంఘాల పేర్లలోంచి "తెలుగు" అన్న మాట తీసేసి ఉగాది చేసుకోమంటే ఎలా ఉంటుందో ఊహించు.

పత్రికల తీరు కూడా నాకు ఒక పట్టాన మింగుడు పడదు. 2015 నవంబరులో సిడ్నీ పత్రిక ఒకటి, మైదానాలలోకి రాకుండా నిషేధించిన 198 మంది అభిమానుల పేర్లూ ఫొటోలూ అచ్చు వేసింది. నిషేధం మీద అప్పీలు చేసుకునే దారి కూడా లేని మనుషులు వాళ్ళు. అలాగని మనవాళ్ళంతా ముత్యాలు కారు. 2022 డిసెంబరు 17 రాత్రి మెల్‌బోర్న్ డెర్బీ, మన ఊరి రెండు జట్ల మధ్య మ్యాచ్, గుర్తుందా? ఫైనల్ మ్యాచ్‌లను మూడేళ్ళ పాటు సిడ్నీకి అమ్మేసినందుకు నిరసనగా ఇరవయ్యో నిమిషంలో లేచి వెళ్ళిపోవాలని అభిమానులు అనుకున్నారు, అది న్యాయమే. కొందరు మైదానం లోకి దూకారు, వాళ్ళలో ఒకడు గోల్‌కీపర్ ముఖం మీద ఇనుప బకెట్టుతో కొట్టాడు, అది సిగ్గుచేటు. ఆ మర్నాటి రాత్రి రెండు గంటలకు మనిద్దరం ఉప్మా గిన్నె మధ్యలో పెట్టుకుని మెస్సీ ప్రపంచకప్పు ఫైనల్ చూశాం. ఒకే ఆట ఒక రాత్రి తల దించుకునేలా చేసి, మరుసటి రాత్రి గుండె పట్టుకునేలా చేసింది.

ఇక నీ ఫుటీ. దాని మీద నాకున్నది ఒట్టి కోపమేనని నువ్వు అనుకోకు. స్కార్ఫ్ ఇచ్చిన ఆయనే మనల్ని మొదటిసారి ఎమ్‌సీజీకి, అదే మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌కు, ఫుటీ మ్యాచ్‌కు తీసుకువెళ్ళాడు. ఎనభై వేల మంది పైగా జనం, రెండు జట్ల వాళ్ళూ ఒకే వరుసలో పక్కపక్కన కూర్చుని, ఒకరి పొట్లంలోని చిప్స్ మరొకరు తింటూ అరుచుకుంటున్నారు. ఇలాంటి దృశ్యం నా ఆటలో నేను ఎక్కడా చూడలేదు, టీవీలో అయినా. గోలు పడినప్పుడు కర్రల దగ్గరి అంపైరు రెండు వేళ్ళు చాచి, ఆపైన రెండు జెండాలు ఊపడం నీకు ఎంత నచ్చిందంటే, వారం రోజుల పాటు నేను అన్నం ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడల్లా నువ్వు రెండు గరిటెలు ఊపావు. గురి కాస్త తప్పి పక్క కర్రల మధ్య నుంచి పోయినా ఒక పాయింటు ఇస్తారన్నది మాత్రం నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాలేదు.

అదే ఆటలో ఆడమ్ గుడ్స్‌ను చూశాం. లీగులో ఆ ఏటి మేటి ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో పతకం రెండుసార్లు గెలిచినవాడు, 2014లో ఈ దేశం ఆ ఏటి మేటి పౌరుడిగా గౌరవించిన ఆదివాసి. 2015లో అతని చేతికి బంతి వచ్చినప్పుడల్లా వేలాది గొంతులు "బూ" అంటుంటే, టీవీ ముందు కూర్చున్న నువ్వు "నాన్నా, ఆయన ఏం తప్పు చేశాడు?" అని అడిగావు. జాతి వివక్ష గురించి నోరు విప్పడమే తప్పయిందని తొమ్మిది పదేళ్ళ పిల్లకు ఎలా చెప్పాలో తెలియక ఛానల్ మార్చాను. ఫుటీ లీగూ దాని పద్దెనిమిది క్లబ్బులూ కలిసి 2019లో క్షమాపణ చెప్పాయి, అప్పటికి అతను ఆట వదిలి నాలుగేళ్ళయింది. ఆట మధ్యలో వచ్చే పందేల ప్రకటనల సంగతి సరేసరి. మన వీధిలో పన్నెండేళ్ళ పిల్లలు కూడా జట్టు బలాన్ని పందెం రేటుతో చెబుతారు. ఆ ప్రకటనలను మూడేళ్ళలో పూర్తిగా ఆపాలని 2023లో పార్లమెంటు కమిటీ చెప్పినా అవి అలాగే నడిచాయి.

ఆ 2023 ఆగస్టునే నేను ఎన్నటికీ మరువను. ఫెడరేషన్ స్క్వేర్‌లో పెద్ద తెర ముందు, జన్మలో ఫుట్‌బాల్ మొహం చూడనివాళ్ళు కూడా మటిల్డాస్, అంటే ఆస్ట్రేలియా ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు, కోసం గొంతులు చించుకుంటుంటే, ప్రపంచకప్పు సెమీఫైనల్‌లో ఇంగ్లండ్ చేతిలో 3-1తో ఓడినా సామ్ కెర్ గోలు చూసి నువ్వు ఏడ్చావు. ఇక మన ఆటకు మంచి రోజులు వచ్చాయనే అనుకున్నాను. కానీ అప్పుడు ప్రభుత్వం ప్రకటించిన ఇరవై కోట్ల డాలర్లు ఆడపిల్లల ఆటలన్నిటికీ కలిపి ఇచ్చినవి. మీ క్లబ్బుకు నేను ఏటా వెయ్యి డాలర్లు దాటి రుసుము కట్టినా, బట్టలు మార్చుకోవడానికి మీకు ఒక గది లేక, వానలో కారు వెనక సీటులో తువ్వాలు అడ్డం పెట్టుకుని మార్చుకునేవారు. ఒకరోజు నువ్వు "ఫుటీ ఆడే అమ్మాయిలకు గదులున్నాయి నాన్నా" అన్నావు. నేను విననట్టు ఊరుకున్నాను. నువ్వు ఎందుకు మారావో నాకు తెలియదన్నట్టు మొన్న మాట్లాడాను గానీ, నాకు తెలుసు. 2019లో అమ్మాయిల ఫుటీ ఫైనల్‌కు యాభై మూడు వేల మంది వచ్చిన అడిలైడ్ ఓవల్ పక్క నుంచి రోజూ కళాశాలకు నడిచి వెళ్ళే పిల్లకు ఆ కోరిక పుట్టడంలో వింత ఏముంది?

పదకొండేళ్ళుగా నా ఆటను "అది ఫుట్‌బాల్ కాదు, సాకర్" అన్నవాళ్ళ మీద పళ్ళు నూరినవాణ్ణి, అదే మాటను అటు తిప్పి నీ మీద విసిరాను. దానికి నన్ను క్షమించు. అయితే నా ఆట మీద నీకు మమకారం పోకూడదనే ఆశ మాత్రం నాకు ఉంటుంది, దాన్ని దాచుకోను. రాత్రి రెండు గంటల మ్యాచ్‌లకు ఒక్కడినే ఉప్మా చేసుకోవడం బాగులేదు.

వచ్చే శనివారం మీ మ్యాచ్ ఎన్ని గంటలకో, ఏ మైదానంలోనో మెసేజ్ పెట్టు. శుక్రవారం రాత్రి బండిలో బయలుదేరతాను, మీ అమ్మ కూడా వస్తానంటోంది. విరామంలో నారింజ ముక్కలు కోసే పని ఎవరికైనా ఒప్పగించకుండా నాకు అట్టే పెట్టమని మీ వాళ్ళతో చెప్పు. పళ్ళకు పెట్టుకునే గార్డు కొన్నావా? లేకపోతే ఇక్కడ కొని తెస్తాను. ఆ నలుపు తెలుపు స్కార్ఫ్ ఇంకా బీరువాలోనే ఉంది. దాన్ని మెడలో వేసుకుని అడిలైడ్‌లో తిరిగితే జనం కొడతారని ఆఫీసులో అంటున్నారు. నిజమో కాదో కనుక్కుని చెప్పు.

ఆశీస్సులతో,
నాన్న