లాటరీ నంబర్లతో లెక్కలు నేర్పండి

సంపాదకులకు,

మన రాష్ట్రంలో లాటరీ లేదు, ఉండాలని నేను అననూ అనను. కానీ బయటి లాటరీల ఫలితాలు ఫోన్లో చూసి, ‘ఈ నంబర్ చాలాకాలంగా రాలేదు, ఈసారి తప్పకుండా వస్తుంది’ అంటూ చార్టులు గీసే కుర్రాళ్లు మా గాజువాకలోనే కనిపిస్తున్నారు. వాళ్లను తిట్టి లాభం లేదు. ఆ కుతూహలాన్ని లెక్కల క్లాసులోకి తేవాలి.

1 నుంచి 49 వరకు ఉన్న సంఖ్యల్లో ఆరు ఎంచుకునే ఆట తీసుకోండి. మొత్తం 1,39,83,816 రకాలుగా ఎంచుకోవచ్చు. 1, 2, 3, 4, 5, 6 వచ్చే అవకాశం వేరే ఏ ఆరింటికైనా ఉన్నంతే, ఇది చెబితే పిల్లలు ఓ పట్టాన నమ్మరు. అంతకన్నా విచిత్రం, కనీసం ఒక జత పక్కపక్క సంఖ్యలు పడే అవకాశం దాదాపు 49.5 శాతం, అంటే ఇంచుమించు సగం డ్రాలు! మనల్ని రాయమంటే మాత్రం దూరదూరంగా చల్లుతాం. 2009 సెప్టెంబరు 6న బల్గేరియాలో వచ్చిన 4, 15, 23, 24, 35, 42 అనే ఆరూ 10వ తేదీ డ్రాలో మళ్లీ వచ్చాయి (అందులోనూ 23, 24 పక్కపక్కనే ఉన్నాయి చూడండి). గత డ్రాలో ఏం వచ్చిందో నంబర్లు రాసిన ఆ బంతులకు తెలియదు.

ఇంటర్ లెక్చరర్లకు నా విన్నపం ఒకటే. సంయోగాల (ఎన్ని రకాలుగా ఎంచుకోవచ్చో లెక్కించే) సూత్రం బట్టీ పట్టించే ముందు 49 చీటీలు డబ్బాలో వేసి పిల్లలతో తీయించండి, జతలు ఎన్నిసార్లు పడ్డాయో బోర్డు మీద వాళ్లచేతే రాయించండి. దీనికి టికెట్టూ అక్కర్లేదు, డబ్బూ అక్కర్లేదు.

— ఒక లెక్కల టీచర్, గాజువాక, విశాఖపట్నం